ముందురోజు రాత్రే వెళ్లాలి

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం బొమ్మలు వేసేవాళ్లూ, కొండలెక్కేవాళ్లూ కలిసిన చోట ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. ఆ కిటికీలు తెరిచే ఉంచండి, సముద్రం హోరు వస్తే రానివ్వండి, మనం మాట్లాడుకునేది బయట సంగతే కదా.

క్యాంపింగూ, ల్యాండ్‌స్కేప్ వేయడమూ రెండూ కలిపి ఎలా చేస్తారో చెప్పమన్నారు నన్ను. నేను స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని, ఇరవై రెండేళ్లుగా అదే పని, బయట కూర్చుని స్పాట్‌లో వేయడం అంతకుముందు నుంచే అలవాటు. మొదట్లో అందరూ వెళ్లినట్టే వెళ్లేదాన్ని. పొద్దున్నే టిఫిన్ కట్టుకుని, కిరండోల్ ప్యాసింజరో బస్సో ఎక్కి, అరకు చేరి, నచ్చిన చోటు దొరికి, స్టూలు వేసుకుని కూర్చునేసరికి పదకొండు దాటిపోయేది. రైల్లో వెళ్తుంటే దారి పొడవునా ఎంత బాగుంటుందో మీకు తెలుసు, ఆ కొత్తవలస కిరండోల్ లైన్లో 58 సొరంగాలున్నాయి, చీకట్లోంచి బయటపడ్డ ప్రతిసారీ ఒక కొత్త లోయ, అబ్బ ఇది వేయాలి, ఇదీ వేయాలి అనిపిస్తుంది, తీరా దిగాక కాగితం ముందు కూర్చుంటే ఏమీ ఉండదు. కొండలన్నీ అట్టముక్కలు కత్తిరించి నిలబెట్టినట్టు చదునుగా ఉంటాయి. చాలా ఏళ్లు నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నా. కాదండి, అది టైము.

మన ఊరికి ఒక సంగతుంది. దేశం మొత్తం గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తాయి, ఆ గీత మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది, మనం 83.3 దగ్గరున్నాం, అంటే మనకి గడియారంలో పన్నెండు కొడితే పైన సూర్యుడికి కూడా దాదాపు పన్నెండే. గుజరాత్‌లో అలా కాదు, అక్కడ సూర్యుడు నడినెత్తికొచ్చేసరికి పన్నెండున్నర దాటిపోతుంది. కాబట్టి మన దగ్గర పది తర్వాత వెలుగు బేగి నిటారైపోతుంది, నీడలు చెట్టు కిందకి దూరిపోతాయి, నీడ లేకపోతే కొండకి మడత తెలీదు, మడత తెలీకపోతే దూరం తెలీదు. మళ్లీ మూడున్నర నాలుగు దాకా అంతే. మనం సిటీ నుంచి వెళ్లి, వేసి, తిరిగి రావడం అంటే సరిగ్గా ఆ పనికిరాని ఆరుగంటల్నే ఎంచుకుని వెళ్తున్నాం అన్నమాట.

అందుకని నేను చెప్పేది ఒక్కటే, ముందురోజు రాత్రే అక్కడుండాలి. టెంటు సరదా కోసం కాదు, క్యాంప్ ఫైర్ కోసం కాదు, ఆ చోట సాయంత్రం చూసి, రాత్రి చూసి, తెల్లారి మళ్లీ చూడ్డానికి. ఒకే చోటు. మూడుసార్లు.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది వంజంగిలో. పాడేరు దగ్గర, మీలో చాలామంది వెళ్లే ఉంటారు. నవంబరు నెల, నేనూ, మా ఆడపడుచూ, మా తమ్ముడూ, వాడి స్నేహితుడూ వెళ్లాం. కొండ కింద ఊళ్లో ఒకాయన పెరట్లో అడిగి టెంట్లు వేసుకున్నాం, చోటుకి డబ్బులిచ్చాం, వాళ్లావిడ మాకు చోడంబలి పోసిచ్చింది. అక్కడికి వెళ్లేవాళ్లంతా కింద పరుచుకునే మబ్బులు చూడ్డానికి తెల్లవారుజామునే ఎక్కుతారు కదా, నేను సాయంత్రం కూడా ఒకసారి ఎక్కాను. పైన ఎవరూ లేరు. కూర్చుని కొండల గీత ఒక్కటే గీసుకున్నా, రంగు ముట్టుకోలేదు, ఏ కొండ ముందు ఏ కొండ వెనక, ఏది దేన్ని ఎక్కడ కప్పుతోంది, అంతే, పెన్సిల్‌తో నలభై నిమిషాలు. ఆ కాగితం బోర్డు మీదే ఉంచి, టేపు కూడా తియ్యకుండా కిందకి తెచ్చి టెంట్లో తల దగ్గర పెట్టుకుని పడుకున్నా.

మూడున్నరకి లేచి టార్చీలు పట్టుకుని మళ్లీ ఎక్కాం. ఐదింటికి పైకి చేరాం, అప్పటికే జనం, అందరి చేతుల్లో ఫోన్లు, నేను ఒక పక్కకి వెళ్లి రాయి మీద సర్దుకున్నా. ఐదున్నర దాటాక కింద మబ్బు కదుల్తున్నట్టు మొదలైంది. అందరూ పాలసముద్రం అంటారు గానీ ఆ టైములో అది తెలుపు కాదండి, బూడిద కలిసిన వంగపువ్వు రంగు. ఆకాశం దానికంటే లేతగా ఉంది, కొండలు దానికంటే ముదురు, కానీ నలుపు కాదు, కొంచెం పచ్చ కలిసిన నీలం. సూర్యుడు ఇంకా రాలేదు. ఆ తర్వాత మబ్బుల్లో అన్నిటికంటే ఎత్తుగా లేచిన ఒక్క కుచ్చు మీద గులాబీ పడింది. ఒక్కదాని మీదే. పక్కది ఇంకా వంగపువ్వు రంగులోనే ఉంది. అక్కడ్నుంచి వాచీ చూసుకున్నాను, ఆ గులాబీ కుచ్చు నుంచి కుచ్చుకి పాకడం, పసుపు తిరగడం, అంతా కలిసి తెల్లబడిపోవడం, మొత్తం పన్నెండు నిమిషాలు. పన్నెండు నిమిషాల్లో గీత గీసి, రంగు కలిపి, వేసి ముగించడం ఎవరివల్లా కాదు. నా వల్ల అయింది ఎందుకంటే గీత ముందురోజు సాయంత్రమే అయిపోయింది. చేతికి మిగిలిన పని రంగు ఒక్కటే.

ఆ బొమ్మ ఇదిగో, ముందు వరసలోంచి అలా వెనక్కి పంపండి, వేళ్లు అంచు మీదే పెట్టి పట్టుకోండి. కుడివైపు కింద మచ్చలు కనిపిస్తున్నాయి కదా, అవి మంచు చుక్కలు, చెట్టు ఆకు మీంచి రాలాయి. నేను వాటిని సరిచెయ్యలేదు.

టెంటూ రంగుల పెట్టే కలిసి తిరగడం కొత్త సంగతేం కాదు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ పెయింటర్ తగరంతో చేసిన నొక్కే ట్యూబుకి పేటెంట్ తీసుకున్నాడు, అంతకుముందు నూనె రంగుల్ని పంది మూత్రాశయం తిత్తుల్లో కట్టి ఉంచేవాళ్లు, సూదితో పొడిచి పిండుకుని మళ్లీ మూసుకోవాలి, అలాంటి సరంజామాతో కొండెక్కడం ఎంత కష్టమో ఆలోచించండి. ట్యూబు వచ్చాకే ఫ్రాన్స్‌లో అంతమంది పొలాల్లోకీ నది గట్ల మీదకీ వెళ్లి వేయగలిగారు. కానీ మన పనికి దగ్గరివాడు నా దృష్టిలో టామ్ థామ్సన్, కెనడా ఆయన. 1912 నుంచి 1917లో చనిపోయేదాకా ఏటా ఆల్గాంక్విన్ పార్కు అడవుల్లో పడవేసుకుని తిరిగేవాడు, సరస్సు ఒడ్డున టెంటు వేసుకునేవాడు, 1916లో అడవికి మంటలంటుకోకుండా కాపలా కాసే ఉద్యోగం కూడా చేశాడు. ఆయన చెక్క పలకల మీద వేసేవాడు, ఎంత పలక అంటే ఎనిమిదిన్నర అంగుళాలు ఇంటూ పదిన్నర, అంతే, మన పిల్లల పలక కంటే కాస్త పెద్దది. ఆ పలకలు అడ్డంగా దూర్చడానికి గాడులున్న చిన్న పెట్టె ఒకటి ఉండేది, దాని మూతే ఈజిలు, అంటే బొమ్మ నిలబెట్టుకునే స్టాండు. ఆయన పేరు నిలబెట్టిన పెద్ద కాన్వాసులు చలికాలంలో టొరంటోలో ఒక చిన్న షెడ్డులో కూర్చుని ఆ పలకలు చూసి వేసినవే. అంటే అడవిలో వేసింది చిన్నది, అక్కడే పడుకుని వేసింది, దాన్లోంచి పెద్దది పుట్టింది. ఈ పద్ధతి మనకి అచ్చంగా సరిపోతుంది.

జాన్ సింగర్ సార్జెంట్ అని ఇంకొకాయన, డబ్బున్నవాళ్ల పోర్ట్రెయిట్లు వేసి పెద్ద పేరు తెచ్చుకున్న మనిషి, 1916లో అరవయ్యేళ్ల వయసులో కెనడా రాకీ పర్వతాల్లో టెంట్లో ఉన్నాడు. వానా మంచూ వదల్లేదు, ఆయన ఆ టెంటు లోపలినే వాటర్ కలర్లో వేశాడు. బట్టలోంచి వడకట్టినట్టు లోపలికొచ్చే ఆ వెలుగు మీరు ఎప్పుడైనా టెంట్లో మధ్యాహ్నం పడుకుని చూశారా? పసుపు టెంటయితే మీ చేతులు కూడా పసుపే. వాన వస్తే బొమ్మ పోయిందనుకోకండి, బొమ్మ లోపలికొచ్చింది.

మన దగ్గర చూస్తే రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి వందేళ్ల కిందట ప్రిన్సిపాల్‌గా ఉన్న ఇంగ్లీషాయన ఆస్వాల్డ్ కూల్డ్రే, ఆయన స్వయంగా వాటర్ కలర్లు వేసేవాడు, దామెర్ల రామారావునీ అడివి బాపిరాజునీ చేరదీసింది ఆయనే. రామారావు 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే వెళ్లిపోయాడు. రాజమండ్రిలో ఆయన పేరుతో గ్యాలరీ ఉంది, వెళ్లినప్పుడు మనుషుల బొమ్మలతో పాటు ఆయన ల్యాండ్‌స్కేపుల ముందు కూడా కాసేపు నిలబడండి. మన గాలీ మన తేమా కాగితం మీద ఎలా ఉంటుందో ఇంగ్లండ్ పుస్తకాల్లో దొరకదు.

సరే, మన ఊరికి వద్దాం. ఎర్రమట్టి దిబ్బలు. 2014లో జియోలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, ఇలాంటివి మళ్లీ తమిళనాడులో తేరి ఇసుకలని ఉన్నాయి. మనవాళ్లు వెళ్లి ఏం వేస్తారంటే ట్యూబులోంచి తీసిన ఎరుపు పూసి, నీడలకి నలుపు పెడతారు. అది ఇటుకల బట్టీలా ఉంటుంది. అక్కడ ఎరుపు ఎందుకొచ్చిందో తెలిస్తే చెయ్యి మారుతుంది. అది ఇసుకండి, ఒక్కో ఇసుక రేణువు చుట్టూ ఇనుప ఆక్సైడు పొర పట్టి ఉంది. మీ పెట్టెలో ఉన్న బర్న్ట్ సియెన్నా, ఇండియన్ రెడ్, లైట్ రెడ్, ఎల్లో ఓకర్, ఇవన్నీ కూడా ఇనుప ఆక్సైడ్లే. అంటే ఆ దిబ్బకీ మీ ట్యూబుకీ చుట్టరికం ఉంది, కాడ్మియం రెడ్డు పక్కన పెట్టి ఈ మట్టి రంగులతోనే మొదలుపెట్టండి, దానంతటదే కుదురుతుంది.

నీడ సంగతి ఇంకా ముఖ్యం. వాన నీళ్లు కోసుకుపోయిన ఆ లోతైన గెడ్డల్లోకి పొద్దున ఏడింటికి దిగి నిలబడ్డామనుకోండి, ఒక పక్క గోడ మీద ఎండ పడుతుంది, ఎదురు గోడ నీడలో ఉంటుంది. ఎండ పడ్డ గోడ ఆ వెలుగుని ఎదురుగోడ మీదకి కొడుతుంది, ఎర్ర వెలుగు కదా, దాంతో నీడలో ఉన్న గోడ నల్లగా కాదు, లోపల దీపం పెట్టిన కుండలా ఉంటుంది. అదే గోడ పైభాగం ఆకాశం వైపు చూస్తుంది కాబట్టి దానికి కాస్త నీలం అంటుతుంది, కిందకి వచ్చేకొద్దీ నారింజ అవుతుంది. అంటే ఒకే నీడలో పైన వంగపువ్వు, కింద నారింజ. నేను మొదటిసారి దీన్ని చూసి నా కళ్లు సరిగ్గా లేవేమో అనుకుని చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ చూశా. తొమ్మిది తర్వాత సూర్యుడు పైకెళ్తే ఇదంతా పోతుంది, మళ్లీ ఉత్త ఎర్రమట్టి.

అక్కడ లోపల టెంటు వెయ్యకూడదు, మట్టి తవ్వకూడదు, మేకు కూడా దిగ్గొట్టకూడదు, ఆ గోడలు చేత్తో రాస్తే రాలిపోతాయి. మేం భీమిలి వైపు తెలిసినవాళ్ల కొబ్బరి తోట ఉంది, అక్కడ ఉంటాం. తోటలోంచి తెల్లారేసరికి నడిచిపోవచ్చు.

ఆ తోటలో ఉండటానికి ఇంకో కారణం రాత్రి. గోస్తని నది సముద్రంలో కలిసే దగ్గర పౌర్ణమి రాత్రి ఒకసారి కూర్చోండి. టార్చి ఆర్పేసి, ఫోను లోపల పెట్టేసి, అరగంట ఊరికే కూర్చోవాలి, కంటికి చీకటి అలవాటు కావడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోను చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు చూడండి, ఒడ్డున లాగి పెట్టిన బోట్లలో పగలు నిప్పులా మెరిసిన ఎర్ర బోటు నల్లబడిపోయి ఉంటుంది, నీలం బోటు దానికంటే వెలుగ్గా కనిపిస్తుంది. పగలు ఇది తారుమారు. కంట్లో పగటికి పనిచేసే కణాలు వేరు, మసక చీకటికి పనిచేసేవి వేరు, ఆ రెండోరకం ఎరుపుని పట్టుకోలేవు, నీలం పచ్చల్ని పట్టుకుంటాయి, పుర్కిన్యే అని చెక్ దేశపు శాస్త్రవేత్త రెండొందల ఏళ్ల కింద దీన్ని గమనించాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. వెన్నెల బొమ్మ అంటే పగటి బొమ్మకి నీలం పూత వేయడం కాదు, వెలుగు నీడల వరస మొత్తం మారిపోతుంది. దీన్ని ఫోటో చూసి వేసినవాళ్లు ఎరుపుని ఎరుపుగానే వేస్తారు, చూడగానే దొరికిపోతుంది. నేను అక్కడ చీకట్లో రంగు కలపను, హెడ్ ల్యాంపు వెలుగులో పసుపు రంగు వేస్తే కాగితం మీద కనిపించదు, ఎంత వేశామో తెలీక దట్టంగా వేసేస్తాం. పుస్తకంలో ముక్కలుగా రాసుకుంటా, ఎర్రబోటు ఆకాశం కంటే నలుపు, ఇసుక నీళ్ల కంటే తెలుపు, ఇలా. తెల్లారాక తోటలో కూర్చుని వేస్తా, అప్పటికి ఇంకా కళ్లల్లో ఉంటుంది. ఇంటికొచ్చి వేస్తే ఉండదు.

ఇంక సామాను. దీని గురించి చాలా అడుగుతారు గానీ చెప్పాల్సింది కొంచెమే. బొమ్మ చిన్నది వేయండి, ఏ-5 కాగితం, మహా అయితే ఏ-4, 300 జీఎస్‌ఎమ్ కాటన్ కాగితం, అంటే బాగా మందంగా ఉండేది, సన్నదైతే మంచుకి అప్పడంలా ఉబ్బిపోతుంది. పన్నెండు రంగుల బిళ్లలున్న పాన్ సెట్టు, మూడు కుంచెలు, ఒక ప్లైవుడ్ ముక్క, నాలుగు బుల్‌డాగ్ క్లిప్పులు, మాస్కింగ్ టేపు, పాత బనీను గుడ్డ. టిఫిన్ క్యారేజీలో రెండు గిన్నెలు నీళ్లకి. టెంటు కింద పరచడానికి బరకం. ఒకసారి ఒక షాపులో వాన తట్టుకుంటుందని చెప్పి ఇచ్చిన టెంటు అనంతగిరిలో కుట్ల దగ్గర కారింది, పదకొండు బొమ్మలున్న ఫోల్డరు తడిసి ముద్దయిపోయింది, వాటిలో ఒక్కటే మిగిలింది. అప్పట్నుంచి ఏ టెంటైనా డాబా మీద వేసి, పైపుతో పావుగంట నీళ్లు కొట్టి లోపల చెయ్యి పెట్టి చూశాకే బయటకి తీసుకెళ్తా, బొమ్మలు స్టీలు డబ్బాలో పెడతా. మీరూ అలాగే చెయ్యండి, ఆ పది బొమ్మలు మళ్లీ వేయలేను నేను.

తేమ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. మే నెలలో బీచ్‌లో వాష్, అంటే పల్చటి నీళ్ల రంగు పూత, వేస్తే ఐదు నిమిషాల్లో ఆరుతుంది, అక్రిలిక్ అయితే పాలెట్ మీదే గట్టిపడిపోతుంది. అదే డిసెంబరులో లంబసింగిలోనో అరకులోనో తెల్లారుజామున వేస్తే నలభై నిమిషాలైనా తడి తడిగానే ఉంటుంది, గాలి అప్పటికే నీళ్లతో నిండిపోయి ఉంది కదా, కాగితం మీద నీళ్లు ఇంకెక్కడికి పోతాయి. అరకు దారిలో శిమిలిగుడ రైల్వే స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంది, వెయ్యి మీటర్లెక్కితే ఇక్కడికంటే ఆరేడు డిగ్రీలు తగ్గిపోతుంది. కాబట్టి పొగమంచులో పొర మీద పొర వేసే పద్ధతి పెట్టుకోకండి. తడి మీదే మొత్తం బొమ్మ ఒక్క దెబ్బలో వేసేయండి, మంచు కూడా మెత్తగానే ఉంది, అంచుల్లేవు, తడి కాగితమూ అంతే చేస్తుంది, రెండూ ఒకదానికొకటి సాయం. గట్టి గీతలు కావాల్సినవి, దగ్గర చెట్టు కాండం లాంటివి, ఎండ వచ్చాక ఎనిమిదింటికి పెట్టండి. అప్పుడు మంచు పోతుందిగా అంటారేమో, పోనివ్వండి, మంచు కాగితం మీదకి ముందే వచ్చేసింది.

ఒకసారి మంగమారిపేట దగ్గర, ఆ రాతి తోరణం ఉంది కదా సముద్రంలో, అక్కడ మంచినీళ్లు అయిపోయి సముద్రపు నీళ్లతోనే వేశా. రంగు ఉప్పుతో విరిగి గరుకు గరుకుగా రాయి మీద మచ్చల్లా వచ్చింది, ఎంత బాగుందో. కానీ ఉప్పు గాల్లో తేమని లాక్కుంటుంది, ఆ బొమ్మ ఇప్పటికీ వానాకాలం వస్తే చేతికి జిగురు తగుల్తుంది. వేయడానికైతే వేయండి, అమ్మడానికో ఫ్రేము కట్టించడానికో అయితే వద్దు. ఇంకోటి, కొన్ని వాటర్ కలర్లలో తేనె కలుపుతారు ఎండిపోకుండా, అలాంటి పాలెట్ని రాత్రి టెంటు బయట వదిలేస్తే పొద్దున్నకి చీమలు బారులు తీరతాయి. మూత పెట్టి సంచిలో పెట్టుకోండి.

నూనె రంగులు వేసేవాళ్లు ఎవరున్నారు? చేతులెత్తండి. ఐదుగురు, సరే, మీ ఐదుగురూ జాగ్రత్తగా వినండి. లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి టెంటు మూలన పడెయ్యకండి, ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటకి పోలేక దానంతటదే అంటుకోవచ్చు. మూతున్న రేకు డబ్బాలో నీళ్లు పోసి అందులో వెయ్యండి. టర్పెంటైన్ టెంటులో తియ్యొద్దు, పక్కన స్టవ్ ఉంటే అసలొద్దు. ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, నైలాన్ టెంటు అంటుకుంటే బయటపడే టైము ఉండదు.

రంగు నీళ్లు గెడ్డలో పారబొయ్యకండి. కాడ్మియం, కోబాల్టు విషాలు, కింద ఊళ్లో అదే నీళ్లు తాగుతారు, గొడ్లూ తాగుతాయి. బాటిల్లో పోసి వెనక్కి తెచ్చుకోవాలి, అర లీటరే కదా.

పర్మిషన్ల సంగతి. రిజర్వ్ ఫారెస్టులో ఫారెస్టు వాళ్లనడక్కుండా టెంటు వెయ్యకూడదు, మన కంబాలకొండ అభయారణ్యమైతే సొంతంగా రాత్రి ఉండే ఆలోచనే వద్దు. మొదటిసారి వెళ్లేవాళ్లు టైడాలోనో అనంతగిరిలోనో టూరిజం వాళ్ల కాటేజీల్లో దిగి, అక్కడే తెల్లారి బయట కూర్చుని వేయడం మొదలుపెట్టండి, టెంటే ఉండాలని ఏం లేదు, రాత్రి అక్కడుండటం ముఖ్యం. ఏజెన్సీలో మలేరియా ఉంది, దోమతెర, ఒంటికి రాసుకునే మందు తప్పనిసరి. అక్టోబరు నవంబరుల్లో బయల్దేరే ముందు వాతావరణ శాఖ చెప్పేది చూసుకోండి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మనకేం చేసిందో ఈ హాల్లో అందరికీ గుర్తుంది.

ఊళ్లోవాళ్లని అడిగి కూర్చోండి. అది మర్యాద ఒక్కటే కాదు, బొమ్మ కూడా బాగుపడుతుంది. అరకు దగ్గర వలిసె పూలు పూసే రోజులు, పొలమంతా పసుపు, నేను గట్టు మీద కూర్చుని వేస్తున్నా, ఒక ముసలమ్మ వచ్చి వెనక నిలబడింది, చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఏటమ్మా, పువ్వులన్నీ నీకేసి సూత్తన్నాయేటి" అని. నాకు అర్థం కాలేదు. మళ్లీ చూస్తే నిజమే, నేను ప్రతి పువ్వూ ఎదురుగా నావైపు తిరిగి ఉన్నట్టు గుండ్రంగా చుక్కలు పెట్టుకుపోయా, పొద్దుటిపూట ఆ పొలంలో పూలు చాలావరకు ఎండవైపు మొహం పెట్టి ఉన్నాయి, నేను కూర్చున్న వైపు నుంచి కనిపించేది పూల వీపులు, ఆ వెనక పచ్చటి తొడిమలు. అంటే నా ముందున్న పొలం పసుపు కాదు, పసుపు కింద నుంచి తన్నుకొస్తున్న పచ్చ. అవతలి గట్టుకెళ్లి చూస్తేనే పచ్చి పసుపు. ఆవిడ ఏటా ఆ పొలం చూస్తోంది. నేను ఆ రోజు సాయంత్రం అవతలి గట్టు నుంచి ఇంకోటి వేశా, రెండూ ఇంట్లో పక్కపక్కనే పెట్టుకున్నా. రాత్రి అక్కడే ఉన్నాం కాబట్టి సాయంత్రమనేది ఒకటి మిగిలింది నాకు.

ఏంటమ్మా, అడుగు. ఆ మైకు ఆ అమ్మాయికివ్వండి.

(సభలోంచి ఒక అమ్మాయి: మేడమ్, మా ఇంట్లో రాత్రి బయటుండటానికి ఒప్పుకోరు, ఎలా?)

ఒప్పుకోరమ్మా, మా ఇంట్లోనూ మొదట్లో ఒప్పుకోలేదు. ఒక్కదానివి వెళ్లకు, అది నేనే చెప్తున్నా. నలుగురు కలవండి, ఆడవాళ్లు కనీసం ఇద్దరుండాలి, ఎక్కడుంటున్నారో ఇంట్లో రాసిచ్చి వెళ్లాలి. మీ అమ్మగారిని కూడా తీసుకురా. నిజంగానే అంటున్నా, మా బ్యాచ్‌లో ఇద్దరి అమ్మలు వస్తారు, ఒకావిడ మొదటిసారి కూతురికి కాపలాగా వచ్చింది, ఇప్పుడు ఆవిడ దగ్గర కూడా స్కెచ్‌బుక్కు ఉంది, కొబ్బరి చెట్టు మొదలు ఆవిడ వేసినట్టు మాలో ఎవరం వేయలేం, ఆ కణుపులు ఒక్కోటీ లెక్కపెట్టినట్టు వేస్తుంది.

వచ్చే పౌర్ణమికి భీమిలి తోటలో ఉంటాం. సాయంత్రం నాలుగింటికల్లా చేరాలి, గీతలు ఆ వెలుగులోనే గీసుకోవాలి కాబట్టి ఆలస్యంగా రావద్దు. రాత్రి తినడానికి ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, పొద్దున ఉప్మా నేను చేస్తా. చాప, దుప్పటి, టోపీ, రెండు లీటర్ల నీళ్లు. పాలెట్ లేనివాళ్లు ఇంట్లో తెల్ల పింగాణీ ప్లేటు ఉంటే పట్టుకురండి, స్టీలు కంచం వద్దు, దాని మెరుపులో రంగు సరిగ్గా తెలీదు. పేర్లు బయట టేబుల్ దగ్గర పుస్తకం ఉంది, అందులో రాయండి. ఆ వంజంగి బొమ్మ ఎవరి దగ్గరుందో కాస్త ముందుకు పంపించండమ్మా.